పేరు ఒక్కటే... జబ్బులు వేరు!

కొండాపూర్‌లోనో నల్లగండ్లలోనో ఏదో ఒక అపార్ట్‌మెంట్. పొద్దున తొమ్మిదింటికి లిఫ్టులో ముగ్గురు ఆడవాళ్లు ఎదురుపడ్డారనుకుందాం. ఒకరు ఇరవై రెండేళ్ల అమ్మాయి. క్యాంపస్ సెలక్షన్లో ఉద్యోగం వచ్చి, నలుగురు స్నేహితురాళ్లతో కలిసి ఫ్లాట్‌లో ఉంటోంది. రెండో ఆమెకు ముప్ఫై ఎనిమిది. రాయదుర్గంలో టీమ్ లీడర్. పిల్లల కోసం చికిత్స తీసుకుంటోంది. నెలసరి వచ్చిందంటే రెండ్రోజులు నొప్పితో మెలికలు తిరిగిపోతుంది. మూడో ఆవిడ అరవై దాటిన అమ్మమ్మ. కూతురు ఆఫీసుకెళ్తే మనవణ్ని చూసుకోవడానికి తెనాలి నుంచి వచ్చారు. రెండు నెలలుగా 'గ్యాస్' అంటూ సరిగ్గా అన్నం తినడం లేదు.

ముగ్గురికీ అండాశయంలో గడ్డ ఉందని స్కానింగ్‌లో తేలింది. తీసి పరీక్ష చేస్తే క్యాన్సరన్నారు. ఇక మూడు ఇళ్లలోనూ ఒకటే మాట, 'ఒవేరియన్ క్యాన్సరట!' ముగ్గురి ఇళ్లలోనూ ఎవరో ఒకరు అర్ధరాత్రి దాకా కంప్యూటర్ ముందు కూర్చుని వెతుకుతారు. అందరికీ దొరికేది ఒకే లెక్క: అయిదేళ్ల తర్వాత బతికుండేది సగం మందే! అది చదివి మూడు ఇళ్లలోనూ ఒకేలా ఏడుస్తారు.

నిజానికి ఆ లెక్క ఆ ముగ్గురిలో ఎవరికీ సరిగ్గా వర్తించదు. ఎందుకంటే ముగ్గురివీ మూడు వేర్వేరు జబ్బులయ్యే అవకాశమే ఎక్కువ. పుట్టే కణం వేరు, పెరిగే వేగం వేరు, లొంగే మందు వేరు. చివరికి ఏమవుతుందన్నదీ వేరే. అండాశయం అన్నది వాటన్నిటికీ చిరునామా మాత్రమే.

2022 అంతర్జాతీయ అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో మన దేశంలో సుమారు 47 వేల మంది మహిళలకు అండాశయ క్యాన్సర్ కొత్తగా బయటపడింది. దాదాపు 33 వేల మంది దీనివల్ల చనిపోయారు. మన దేశ మహిళల్లో రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల తర్వాత స్థానం దీనిదే. ఈ అంకెలు అన్ని రకాలనూ ఒకే గంపలో వేసి లెక్కపెట్టినవి. గంపను కింద గుమ్మరించి విడదీస్తే గానీ అసలు కథ అర్థం కాదు.

అండాశయం పేరు... నాళంలో పుట్టుక!

ముందు అమ్మమ్మగారి సంగతి. ఆ వయసులో ఎక్కువగా కనిపించేది 'హై గ్రేడ్ సీరస్ కార్సినోమా'. అండాశయం పైపొర క్యాన్సర్లుగా లెక్కించే వాటిలో పదింట ఏడు ఇవే. చావుల్లో సింహభాగమూ దీనిదే. సగం మందే బతుకుతారన్న ఆ భయపెట్టే లెక్కను కిందికి లాగేదీ ఇదే.

దీని పుట్టుక ఒక డిటెక్టివ్ కథలా ఉంటుంది. దశాబ్దాల పాటు డాక్టర్లు అండాశయంలోనే దీని మూలం కోసం వెతికారు. దొరకలేదు. 2001లో నెదర్లాండ్స్ పరిశోధకులు, వంశపారంపర్య ముప్పు ఉండి ముందుజాగ్రత్తగా ఆపరేషన్ చేయించుకున్న మహిళల ఫెలోపియన్ నాళాలను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పులు ఆ నాళాల్లో కనిపించాయి! తర్వాతి పరిశోధనలూ అటే వేలు చూపించాయి. ఈ రకం చాలావరకు నాళం చివర, అండాన్ని అందుకునే వేళ్లలాంటి అంచుల్లో మొదలవుతుంది. అక్కణ్నుంచి రాలిన కణాలు అండాశయం మీద, పొట్ట లోపలి పొర మీద విత్తనాల్లా చల్లుకుపోతాయి. గడ్డ పెద్దదై చేతికి తగిలేలోపే అవి పొట్టంతా పరుచుకుంటాయి. అందుకే మూడో దశలోనో నాలుగో దశలోనో బయటపడేవారే ఎక్కువ.

లక్షణాలూ మోసం చేస్తాయి. కడుపుబ్బరం, నాలుగు ముద్దలకే పొట్ట నిండిపోవడం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి రావడం... ఇవన్నీ మన ఇళ్లలో రోజూ వినపడేవే. మెడికల్ షాపు నుంచి గ్యాస్ మాత్ర తెచ్చుకుంటారు, వాము నీళ్లు తాగుతారు. మనవడి స్కూలు సెలవులిచ్చాక చూపించుకుందాంలే అనుకుంటారు. చీర కుచ్చిళ్ల దగ్గర బిగుతైతే 'హైదరాబాదొచ్చి ఒళ్లు చేశాను' అని నవ్వేస్తారు. ఇలాంటి లక్షణాలు కొత్తగా మొదలై, నెలలో 12 రోజులకు మించి వస్తుంటే మామూలు గ్యాస్‌గా తీసెయ్యకూడదని 2007లో అమెరికా పరిశోధకులు ఒక గీత గీశారు. ముట్లుడిగిన వారి విషయంలో ఆ గీత గుర్తుంచుకోదగ్గది. అలాగని ఆ గీత దాటినవాళ్లందరికీ క్యాన్సరని కాదు. ఒకసారి గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లి స్కాన్ చేయించుకోవాలని, అంతే.

ఈ రకానికి ఒక విచిత్ర గుణం ఉంది. ప్లాటినం మందులకు మొదట బాగా లొంగుతుంది. సిస్‌ప్లాటిన్‌కు అమెరికాలో 1978లో అనుమతి వచ్చింది. ఆ తర్వాత దాని తమ్ముడు కార్బోప్లాటిన్, దానికి తోడుగా పాక్లిటాక్సెల్ వచ్చాయి. ఇవి పడగానే పొట్టలో నీరు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ ముదిరిన దశలో పట్టుబడినవారిలో ఎక్కువమందికి రెండు మూడేళ్లలో మళ్లీ తిరగబెడుతుంది. ఏళ్ల తరబడి మార్పులేని ఈ కథ బీఆర్‌సీఏ జన్యులోపం ఉన్నవారి విషయంలో మాత్రం కాస్త మారింది. వారికి కీమో అయ్యాక ఒలాపరిబ్ అనే మాత్రను రెండేళ్లు ఇచ్చి చూశారు. ఏడేళ్ల తర్వాత మాత్ర వాడినవారిలో 67 శాతం మంది బతికున్నారు. ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో ఆ సంఖ్య 46.5 శాతం. ముదిరిన దశ వారిలో ఇంత తేడా అంతకుముందు ఊహకైనా అందనిది.

'ఆపరేషన్ అయిపోయిందిగా!'

తెలుగిళ్లకు ప్రత్యేకమైన ముడి ఒకటి ఇక్కడుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత మహిళల్లో దాదాపు 70 శాతం మంది, తెలంగాణలో 62 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. గర్భసంచి తీయించుకోవడంలోనూ మనవాళ్లే ముందు. 2015-16 సర్వేలో దేశం మొత్తమ్మీద 15-49 ఏళ్ల మహిళల్లో ఇది 3 శాతమే. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో 8 శాతం దగ్గర ఉంది. ఈ రెండింట్లో ఏదో ఒకటి అయినవారు డాక్టరు దగ్గర చెప్పే మాట ఒకటుంది. 'నాకు ఆపరేషన్ అయిపోయిందిగా, ఇక ఆ జబ్బులెందుకొస్తాయి?'

సమాధానం మళ్లీ రకాన్ని బట్టే! గర్భసంచి లోపలి పొర కణాలు నెలసరి సమయంలో నాళాల గుండా వెనక్కి వచ్చి అండాశయం చేరడం వల్ల కొన్ని రకాల క్యాన్సర్లకు బీజం పడుతుంది. నాళాన్ని ముడివేస్తే ఆ దారి మూసుకుంటుంది. అందుకే కు.ని. ఆపరేషన్ అయినవారిలో ఎండోమెట్రియాయిడ్, క్లియర్ సెల్ అనే రెండు రకాల ముప్పు ఇంచుమించు సగానికి తగ్గుతుంది. హై గ్రేడ్ సీరస్ రకం మాత్రం నాళం చివర్లోనే పుడుతుంది కదా. ముడి మధ్యలో పడుతుంది, చివర అలాగే ఉండిపోతుంది. దాంతో తగ్గేది అయిదో వంతే. గర్భసంచి తీసేసి నాళాల్ని, అండాశయాల్ని వదిలేస్తే ముప్పు అక్కడే ఉన్నట్టు. డిశ్చార్జి కాగితంలో ఏమేం తీశారో రాసి ఉంటుంది. ఆ కాగితం ఇప్పుడు ఎంతమంది బీరువాల్లో ఉందో!

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 2010 నుంచి డాక్టర్లు ఒక పద్ధతి మొదలుపెట్టారు. వేరే కారణంతో గర్భసంచి తీసేటప్పుడో, పిల్లలు వద్దనుకుని ఆపరేషన్ చేసేటప్పుడో ముడి వేయడానికి బదులు నాళాలను పూర్తిగా తీసేయడం, అండాశయాలను మాత్రం ఉంచేయడం. అలా చేయించుకున్న సుమారు 26 వేల మందిని గమనించి 2022లో లెక్క చెప్పారు. మామూలుగా అయితే వారిలో అయిదుగురికి సీరస్ రకం క్యాన్సర్ రావాలి. ఒక్కరికీ రాలేదు! ఇంకా ఎన్నో ఏళ్లు గమనించాల్సి ఉంది. అయినా గర్భసంచి ఆపరేషన్ తప్పదని చెప్పిన డాక్టర్ని 'నాళాల సంగతేమిటండీ?' అని అడగడానికి ఈ కారణం చాలు.

చాక్లెట్ సిస్టుల చుట్టరికం

ఇక ముప్ఫై ఎనిమిదేళ్ల టీమ్ లీడర్. ఆమె నొప్పికి కారణం ఎండోమెట్రియోసిస్. గర్భసంచిలో ఉండాల్సిన పొర అండాశయంలో పెరగడం, నెలనెలా అక్కడే రక్తస్రావమై అది పేరుకుని చాక్లెట్ రంగులోకి మారడం. స్కానింగ్ రిపోర్టుల్లో 'చాక్లెట్ సిస్ట్' అని రాసేది దీన్నే. క్లియర్ సెల్, ఎండోమెట్రియాయిడ్ రకాలకు దీనితో చుట్టరికముంది. ఇక్కడ కంగారుపడే ముందు ఒక అంకె చూడాలి. మామూలు మహిళకు జీవితకాలంలో అండాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం ఒక శాతానికి కొంచెం ఎక్కువ. ఎండోమెట్రియోసిస్ ఉంటే రెండు శాతానికి కొంచెం తక్కువ. అంటే ఈ బాధ ఉన్న నూరుగురిలో తొంభై ఎనిమిది మందికి ఆ క్యాన్సర్ రానే రాదు.

వచ్చినా, ఎండోమెట్రియాయిడ్ రకం తరచూ మొదటి దశలోనే దొరుకుతుంది. ఫలితాలూ బాగుంటాయి. దాంతోపాటు గర్భసంచిలోనూ మరో క్యాన్సర్ ఉందేమో చూసుకోవాల్సి ఉంటుంది. ఇంట్లో పెద్దపేగు క్యాన్సర్లు వచ్చిన చరిత్ర ఉంటే 'లించ్ సిండ్రోమ్' అనే వంశపారంపర్య సమస్యకూ పరీక్ష చేస్తారు.

క్లియర్ సెల్ వ్యవహారం వేరు. పాశ్చాత్య దేశాల్లో ఇది పదింట ఒకటి. జపాన్‌లో నాలుగింట ఒకటి! మొదటి దశలో పట్టుబడి గడ్డ పగలకుండా బయటికి వస్తే చక్కగా కోలుకుంటారు. ముదిరితే మాత్రం మామూలు కీమోకు మొండికేస్తుంది. అదే దశలో ఉన్న సీరస్ రకం కంటే కష్టం. పైగా దీనికి రక్తం గడ్డకట్టించే పాడు గుణముంది. కాలి పిక్క వాచి నొప్పి పెడితే 'రోజంతా కుర్చీలో కూర్చోవడం వల్లేలే' అనుకోవడం ఐటీ ఉద్యోగుల అలవాటు. చాలాసార్లు అది నిజమే కావచ్చు కూడా. కానీ అండాశయంలో గడ్డ ఉందని తెలిసినవారికి ఒక కాలు వాస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఈ వయసు వారి విషయంలో మరో మాట. అనుమానంగా ఉన్న నీటితిత్తిని సూదితో పొడిచి నీరు లాగేయడం, లాప్రోస్కోపీలో ముక్కలుగా కోసి తీయడం చేయకూడదు. లోపల క్యాన్సర్ ఉంటే ఆ ద్రవం పొట్టలో పడ్డాక దశ మారిపోతుంది. కీమో అక్కర్లేని మనిషికి కీమో పట్టుకొస్తుంది. 'గడ్డను సంచిలో పెట్టి తీస్తారా, పగలకుండా తీస్తారా' అని ఆపరేషన్‌కు ముందే అడిగితే డాక్టర్లేమీ అనుకోరు.

మిగతా ఇద్దరు అరుదైన చుట్టాలు. మ్యూసినస్ రకం జిగురుతో నిండి ఫుట్‌బాల్ కన్నా పెద్దదవుతుంది, తరచూ ఒకవైపే. మొదట్లోనే తీసేస్తే పదిమందిలో తొమ్మిది మంది బాగుంటారు. అసలు చిక్కల్లా అది నిజంగా అండాశయానిదేనా అన్నదే! కడుపు, పెద్దపేగు, అపెండిక్స్ క్యాన్సర్లు అండాశయానికి పాకి ఇలాగే వేషం వేస్తాయి. 1896లోనే క్రూకెన్‌బర్గ్ అనే జర్మన్ డాక్టరు వర్ణించిన గడ్డలు చివరికి అలాంటివేనని తేలింది. అందుకే రిపోర్టులో మ్యూసినస్ అని వస్తే ఎండోస్కోపీ, కొలనోస్కోపీ ఎందుకు రాశారని విసుక్కోకూడదు. రెండోది లో గ్రేడ్ సీరస్. పేరులో సీరస్ ఉన్నా మొదటి దానికి తోబుట్టువు కాదు. చిన్న వయసులో వస్తుంది, నత్తనడకన పెరుగుతుంది, కీమోకు అంతగా కరగదు. వేగంగా పెరిగే కణాల మీదే కీమో దెబ్బ ఎక్కువ మరి! దీనికి హార్మోన్లను అడ్డుకునే మాత్రలు వాడతారు. కేరాస్ అనే జన్యుమార్పు ఉండి తిరగబెట్టినవారికోసం 2025 మేలో అమెరికా ఒక కొత్త మాత్రల జంటకు అనుమతిచ్చింది.

యువరాజ్ సింగ్‌కీ దీనికీ ఏమిటి సంబంధం?

ఇరవై రెండేళ్ల అమ్మాయి దగ్గరికొద్దాం. ఆ వయసులో అండాశయంలో కనిపించే గడ్డల్లో నూటికి తొంభైకి పైగా మామూలువే. చాలా నీటితిత్తులు రెండు మూడు నెలల్లో వాటంతటవే పోతాయి. డెర్మాయిడ్ గడ్డల్లో వెంట్రుకలు, పళ్లు కూడా ఉంటాయి. చూస్తే భయమేస్తుంది గానీ క్యాన్సర్ కాదు. నిజంగా క్యాన్సరే అయితే మాత్రం ఆ వయసులో ముందుగా అనుమానించేది 'జెర్మ్ సెల్' రకాలను. అండాలుగా మారాల్సిన కణాలే దారితప్పడమన్నమాట. వారాల వ్యవధిలో గడ్డ పెరిగి, ఒక్కోసారి మెలిపడి, భరించలేని నొప్పితో అర్ధరాత్రి ఎమర్జెన్సీకి పరిగెత్తాల్సి వస్తుంది.

క్రికెటర్ యువరాజ్ సింగ్ గుర్తున్నాడు కదా. 2011 ప్రపంచకప్‌లో మ్యాన్ ఆఫ్ ద టోర్నమెంట్. ఆ తర్వాత ఛాతీలో బయటపడిన గడ్డ పేరు సెమినోమా. 2012లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో కీమో తీసుకుని అదే ఏడాది సెప్టెంబరులో మళ్లీ భారత జట్టు జెర్సీ వేసుకున్నాడు. ఆ సెమినోమాకు ఆడవాళ్లలో జంట కణితే 'డిస్‌జెర్మినోమా'. అండాశయ జెర్మ్ సెల్ రకాల్లో ముఖ్యమైనది ఇదే. మందులూ దాదాపు అవే: బ్లియోమైసిన్, ఎటొపొసైడ్, సిస్‌ప్లాటిన్. సిస్‌ప్లాటిన్ రాకముందు ఈ కుటుంబంలోని 'యోక్ సాక్' కణితి వచ్చిన అమ్మాయిల్లో బతికినవారు చాలా తక్కువ. ఇప్పుడు జెర్మ్ సెల్ రకాలన్నీ కలిపి చూస్తే పదిమందిలో తొమ్మిది మందికి నయమవుతోంది. ముదిరినవారిలోనూ ఎక్కువమంది గట్టెక్కుతున్నారు.

అసలు ముఖ్యమైన విషయం ఇంకా ఉంది. ఈ అమ్మాయిల్లో చాలామందికి గడ్డ ఉన్న ఒక్క అండాశయాన్ని తీస్తే చాలు. గర్భసంచినీ రెండో అండాశయాన్నీ ఉంచి చికిత్స చేయవచ్చు. తర్వాత పెళ్లి, పిల్లలు అన్నీ మామూలే. 'క్యాన్సర్' అన్న మాట వినగానే హడలిపోయి 'అన్నీ తీసేయండి డాక్టర్' అని తండ్రి సంతకం పెట్టేస్తే ఆ అమ్మాయి జీవితాంతం మోయాల్సిన నష్టం అది. కాబట్టి ఆపరేషన్‌కు ముందే ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ అనే మూడు రక్తపరీక్షలు చేయించారా అని అడగాలి. ఒక్క సీఏ-125తో సరిపెడితే ఈ రకాల జాడ దొరకదు.

'గ్రాన్యులోసా సెల్' అని మరొకటుంది. ఇది ఈస్ట్రోజెన్‌ను తయారుచేస్తుంది. ముట్లుడిగిన అయిదారేళ్లకు మళ్లీ రక్తం కనిపించడం దీని గుర్తు. 2009లో కెనడా శాస్త్రవేత్తలు పెద్దవారిలో వచ్చే ఈ కణితుల్లో దాదాపు అన్నింట్లోనూ ఒకే ఒక్క జన్యుఅక్షరం తప్పుపడిందని కనుక్కున్నారు. ఆపరేషన్‌తో చాలామందికి నయమవుతుంది. కానీ పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత కూడా తిరగబెట్టగలదు. 'అయిదేళ్లు దాటాయిగా' అని ఫైలు అటకెక్కించడానికి వీల్లేదు.

ప్యాకేజీలో సీఏ-125

ఐటీ కంపెనీల్లో ఏడాదికోసారి హెల్త్ చెకప్ కూపన్లిస్తారు. ల్యాబుల ప్యాకేజీల్లో 'మహిళల క్యాన్సర్ ప్రొఫైల్' అని ఒక వరుస, అందులో సీఏ-125 కనిపిస్తుంది. ఉచితమేగా అని చేయించుకుంటారు. మామూలు హద్దు 35. రిపోర్టులో 60 అని నల్లగా అచ్చయి వస్తుంది. ఇక ఆ రాత్రి నిద్ర ఉండదు!

నెలసరి రోజుల్లో ఇది పెరుగుతుంది. గర్భం వచ్చిన తొలి నెలల్లో పెరుగుతుంది. ఎండోమెట్రియోసిస్, ఫైబ్రాయిడ్లు, లివర్ జబ్బు... అన్నింట్లోనూ అంతే. మన దేశంలో ఇంకో పెద్ద వేషగాడు పొట్టలో టీబీ. కడుపులో నీరు, బరువు తగ్గడం, వందల్లో సీఏ-125... అచ్చం ముదిరిన అండాశయ క్యాన్సర్‌లాగే ఉంటుంది. బయాప్సీ చేస్తే టీబీ అని తేలి ఆరు నెలల మాత్రలతో నయమవుతుంది. బయాప్సీ లేకుండా క్యాన్సరని నిర్ధారించకూడదనడానికి ఇంతకన్నా ఏం కావాలి? మరోపక్క మొదటి దశ క్యాన్సరున్న మహిళల్లో సగం మందికి సీఏ-125 మామూలుగానే ఉంటుంది.

అయినా ముందే పట్టుకుంటే మంచిదేగా అనిపిస్తుంది. బ్రిటన్‌లో 2 లక్షల మందికి పైగా మహిళలపై ఈ ప్రశ్నే వేసుకున్నారు. ఏటా సీఏ-125, స్కానింగ్ చేస్తూ ఏళ్ల తరబడి గమనించారు. 2021లో ఫలితం వచ్చింది. కొన్ని క్యాన్సర్లు ముందే దొరికాయి. చావులు మాత్రం తగ్గలేదు. అంతకుముందు అమెరికాలో 78 వేల మందితో చేసిన అధ్యయనంలో 3,285 మందికి లేని క్యాన్సర్ ఉన్నట్టు కనిపించింది. వారిలో 1,080 మందికి ఆపరేషన్ కూడా చేశారు. 163 మందికి తీవ్రమైన సమస్యలొచ్చాయి. నెమ్మదిగా పెరిగే రకాలు ముందే దొరికితే లాభం తక్కువ, ఎందుకంటే అవి ఎలాగూ లొంగేవే. ప్రాణాలు తీసే సీరస్ రకం ఏడాదికోసారి వేసే వలలో పడేలోపే పాకిపోతుంది. లక్షణాలు ఉన్నప్పుడు, చికిత్స సాగుతున్నప్పుడు సీఏ-125 మంచి పనిముట్టే. ఏ బాధా లేని ముప్ఫై ఏళ్ల ఉద్యోగిని కూపన్లో దానికి చోటు లేదు.

మేనత్త సంగతి కూడా చెప్పాలి

'మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా?' అని డాక్టరడిగితే మనవాళ్లు అమ్మ, అమ్మమ్మ, పిన్ని, పెద్దమ్మల వరకు చెప్పి ఆగిపోతారు. నాన్న వైపు ఊసే ఎత్తరు. బీఆర్‌సీఏ లోపం తండ్రి నుంచి కూడా సరిగ్గా అదే సగం అవకాశంతో వస్తుంది. నాయనమ్మకు పొట్టలో నీరు చేరి పోయిందన్న పాత మాట, మేనత్తకు నలభై ఏళ్లకే రొమ్ము ఆపరేషన్ అయిందన్న సంగతి... ఇవన్నీ చెప్పాల్సినవే. బాబాయికి వచ్చిన ప్రోస్టేట్ క్యాన్సర్ కూడా!

బీఆర్‌సీఏ-1 లోపమున్న మహిళల్లో 80 ఏళ్లు వచ్చేలోపు అండాశయ క్యాన్సర్ ముప్పు 44 శాతం, బీఆర్‌సీఏ-2లో 17 శాతం అని 2017 నాటి పెద్ద అధ్యయనం తేల్చింది. హాలీవుడ్ నటి ఏంజెలినా జోలీ తల్లిని పోగొట్టుకున్నారు. తనకు బీఆర్‌సీఏ-1 లోపముందని తెలిసి 2015లో, 39 ఏళ్ల వయసులో, అండాశయాలు, నాళాలు తీయించుకున్నారు. మన సినిమాల్లోనూ నటించిన మనీషా కోయిరాలాకు 2012లో ఈ క్యాన్సర్ ముదిరిన దశలో బయటపడింది. న్యూయార్క్‌లో చికిత్స తీసుకుని కోలుకున్నారు, 2018లో పుస్తకమూ రాశారు. ఆమె కథ ధైర్యమిస్తుంది. అయితే ఆమెది ఏ రకమో, పక్కింటావిడది ఏ రకమో తెలియకుండా 'ఆవిడకు తగ్గింది, నీకూ తగ్గుతుంది' అనడమూ, 'ఆవిడ పోయింది' అనడమూ రెండూ ఒకటే.

రిపోర్టులో ఆ ఒక్క లైను

దశ ఎంత అన్నది అందరూ అడుగుతారు. రకం ఏమిటన్నది అడిగేవారు తక్కువ. దశతోపాటు కణజాల రకాన్నీ తప్పక రాయాలని అంతర్జాతీయ గైనకాలజీ సమాఖ్య 2014లోనే చెప్పింది. హిస్టోపాథాలజీ రిపోర్టులో 'అడినోకార్సినోమా' అని మాత్రమే రాసి ఉంటే పని సగమే అయినట్టు. పీ53, డబ్ల్యూటీ-1, నాప్సిన్-ఏ లాంటి రంగుల పరీక్షలు చేస్తే ఏ రకమో చాలావరకు తేలిపోతుంది.

అనుభవమున్న పాథాలజిస్టులకు కూడా ఒక్కోసారి తేల్చడం కష్టమే. అందుకే 2023లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు 20కి పైగా వైద్య కేంద్రాల నుంచి స్లైడ్లు సేకరించి, కాగల్ వెబ్‌సైట్‌లో పోటీ పెట్టారు. స్లైడ్ బొమ్మ చూసి ఈ అయిదు రకాల్లో ఏదో కంప్యూటర్ చెప్పాలి! మాదాపూర్ కుర్రాళ్లకు కాగల్ పేరు కొత్తేం కాదు. మెదడు కణితుల స్లైడ్లతో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ, నిమ్స్ కూడా ఇలాంటి సమాచార నిధినే తయారుచేసి 2024లో వెలువరించాయి. ప్రస్తుతానికి ఆఖరి మాట మాత్రం సూక్ష్మదర్శిని ముందున్న మనిషిదే. ఆ మనిషి రోజూ క్యాన్సర్ స్లైడ్లే చూసేవారైతే మేలు. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే, పంజాగుట్ట నిమ్స్, బంజారాహిల్స్‌లో 2000లో మొదలైన బసవతారకం ఆసుపత్రి, నల్లగండ్ల వైపు వచ్చిన కొత్త క్యాన్సర్ ఆసుపత్రులు... వెళ్లడానికి నగరంలో చోట్లకు కొదవలేదు.

రెండో అభిప్రాయం అంటే మళ్లీ కోయడం కాదు. మొదటిసారి తీసిన ముక్కను మైనంలో పోసి చిన్న 'బ్లాక్'గా ల్యాబ్‌లో దాచి ఉంచుతారు. రాతపూర్వకంగా అడిగితే బ్లాకునూ స్లైడ్లనూ ఇస్తారు. వేరే చోట చూపించుకోవచ్చు. బ్లాకును పారేసుకోకూడదు, ఎండలో కారులో వదిలేయకూడదు. ఏళ్ల తర్వాత కొత్త మందు వస్తే పనికొస్తుందా లేదా అన్నది తేల్చడానికి కూడా అదే ఆధారం. హై గ్రేడ్ సీరస్ అని తేలితే పేషంటుకు బీఆర్‌సీఏ పరీక్ష ముందు చేస్తారు. ఆవిడలో లోపం దొరికితే కూతురు, చెల్లెలు, మేనకోడలు ఆ ఒక్క చోటనే చూపించుకుంటే సరిపోతుంది, ఖర్చూ తక్కువే. ఓ చిన్న గొట్టంలో రక్తం తీసుకుంటారంతే. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు మాత్రం ఈ పరీక్ష చేయరు.